కొలోన్ నుంచి నందిని దాకా: ఊరు కట్టినవాడిదా, ఉన్నవాళ్లదా?

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా నందినిలో నేల తవ్వితే సున్నపురాయి వస్తుంది. ఆ రాయి కోసమే అక్కడ కాలనీ వెలసింది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పునాది పడ్డాక, ఇనుప ఖనిజం దక్షిణాన ఉన్న దల్లీ-రాజహరా నుంచి, సున్నపురాయి ఉత్తరాన ఉన్న నందిని నుంచి తేవడం మొదలుపెట్టారు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజంతోపాటు సున్నపురాయి వేస్తేనే మలినాలు కరిగి చిట్టెంగా బయటికి పోతాయి. అలా గని వచ్చింది, గని పక్కన క్వార్టర్లు వచ్చాయి, చివరికి చిన్న విమానాలు దిగే రన్‌వే కూడా వచ్చింది. అన్నీ కర్మాగారం వేసినవే.

ఇలాంటి ఊళ్లో కొళాయిలో నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలి? మామూలు పట్టణంలో అయితే కౌన్సిలర్ ఇంటికి వెళ్లి నిలదీయవచ్చు. ఐదేళ్లకోసారి అతన్ని ఇంటికి పంపించనూ వచ్చు. కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లు మాత్రం కంపెనీ నగర సేవల విభాగానికి అర్జీ పెట్టుకోవాలి. ఆ అధికారి మంచివాడై ఉండవచ్చు, నీళ్లు కూడా గంటలో రావచ్చు. కానీ అతన్ని ఎన్నుకున్నదీ, మార్చగలిగేదీ ఆ వీధివాళ్లు కాదు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్లి భిలాయ్‌లో రెండు మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ సంగతి బాగా తెలుసు. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది, తెలుగు సంఘాలున్నాయి, పిల్లలు అక్కడే పుట్టి పెరిగారు. అయినా రిటైర్మెంట్ ఉత్తర్వు చేతికొచ్చిన రోజున మొదటి ప్రశ్న ఒకటే: క్వార్టర్ ఎప్పుడు ఖాళీ చేయాలి? ముప్పై అయిదేళ్లు ఉన్న ఇల్లు తనది కాదని అప్పుడు గుర్తొస్తుంది. 2000 దశకం మొదట్లో భిలాయ్ యాజమాన్యం కొన్ని వేల ఇళ్లను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చినప్పుడు ఉద్యోగులు అంతగా ఎగబడడానికి కారణం ఇదే.

ఊరు కట్టినవాడికి, ఆ ఊళ్లో బతికేవాళ్లకు మధ్య ఈ పేచీ ఉక్కు కాలంలో పుట్టింది కాదు. మధ్యయుగపు ఐరోపాలో ఇదే పేచీ కత్తుల దాకా వెళ్లింది. అక్కడ చాలా నగరాలకు యజమాని బిషప్. అలాంటి నగరాల్లో అన్నిటికంటే వివరంగా చరిత్రకెక్కింది జర్మనీలోని కొలోన్ కథ. మన ఇళ్లలో జ్వరం వస్తే తడిగుడ్డ మీద చల్లే ఓడికొలోన్‌కు పేరిచ్చిన ఊరు అదే.

పడవతో మొదలైన గొడవ

రైన్ నది ఒడ్డున రోమన్లు కట్టిన పాత నగరం కొలోన్. పదో శతాబ్దంలో చక్రవర్తి మొదటి ఒట్టో తన తమ్ముడు బ్రూనోను అక్కడ ఆర్చిబిషప్‌గా నియమించి, లొథారింగియా ప్రాంతపు పాలన కూడా అతని చేతిలోనే పెట్టాడు. అప్పటినుంచి కొలోన్ ఆర్చిబిషప్ అంటే మతాధిపతి మాత్రమే కాదు. న్యాయస్థానం ఆయనది, నాణేల టంకశాల ఆయనది, సంతల సుంకం ఆయనది. సొంత సైన్యం కూడా ఉండేది. ప్రార్థన చేయించేదీ, పన్ను వసూలు చేసేదీ ఒకే మనిషి.

1074 ఈస్టర్ పండుగకు మ్యూన్‌స్టర్ బిషప్ కొలోన్‌కు అతిథిగా వచ్చాడు. తిరుగు ప్రయాణానికి మంచి పడవ కావాలి. ఆర్చిబిషప్ రెండో అన్నో మనుషులు రేవుకు వెళ్లి, ఒక ధనిక వర్తకుడి పడవను ఎంచుకుని, అందులోని సరుకు బయట పారేయమన్నారు. వర్తకుడి కొడుకు ఎదురుతిరిగాడు. రేవులో మొదలైన తోపులాట సాయంత్రానికి నగరమంతా పాకింది. జనం ఆర్చిబిషప్ భవనం మీద పడ్డారు. ఆయన చీకట్లో నగరపు గోడలోని ఒక చిన్న ద్వారం గుండా తప్పించుకుపోయాడు.

నాలుగు రోజుల తర్వాత సైన్యంతో తిరిగొచ్చాడు. తిరుగుబాటు నాయకుల కళ్లు పొడిపించాడు. ఆరు వందల మంది వర్తకులు ఊరు విడిచి పారిపోయారని ఆ కాలపు చరిత్రకారుడు లాంబెర్ట్ రాశాడు. ఆయన జనం పక్షం మనిషి కాదు, అంకె కొంచెం పెంచి రాసి ఉండవచ్చు. వర్తకులు పోతే ఊరు పాడుబడుతుందన్న భయం మాత్రం ఆ రాతలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక తెలుగు సంగతి గుర్తుకొస్తుంది. ఆ తర్వాత సుమారు నూట డెబ్బై ఏళ్లకు, 1244లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో మాట ఇచ్చాడు. వర్తకుడి పడవ మీద చేయి వేస్తే రేవు ఎండిపోతుందని రాజుకు తెలిసింది. తేడా ఏమిటంటే, మోటుపల్లిలో ఆ హామీ పైనుంచి వచ్చింది. కొలోన్‌లో జనం దాన్ని గుంజుకోవాల్సి వచ్చింది.

గోడ ఎవరి డబ్బుతో కట్టారు?

1074లో ఓడిన కొలోన్ వర్తకులు తర్వాతి వంద ఏళ్లలో మళ్లీ కత్తి పట్టే కంటే ఎక్కువగా డబ్బు పోగేశారు. ఇంగ్లండ్‌తో ఉన్ని వ్యాపారం, రైన్ మీద ద్రాక్షసారా వ్యాపారం. 1164లో ఆర్చిబిషప్ రైనాల్డ్ మిలాన్ నుంచి ముగ్గురు జ్ఞానుల అస్థికలు తెచ్చాక యాత్రికులు కూడా పోటెత్తారు. యాత్రికుల వల్ల గుడికి పేరు వచ్చింది, సత్రాలకు డబ్బు వచ్చింది. మన తిరుపతి వీధుల్లో వ్యాపారం చేసేవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

1180లో పౌరులు నగరం చుట్టూ కొత్త గోడ మొదలుపెట్టారు. ఆర్చిబిషప్ ఫిలిప్ వద్దన్నాడు. గోడ కట్టే హక్కు ప్రభువుదే కదా. వాళ్లు ఆపలేదు. చివరికి చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ముందు రాజీ కుదిరింది: పౌరులు ఆర్చిబిషప్‌కు రెండు వేల మార్కుల వెండి చెల్లిస్తారు, గోడ నిలుస్తుంది. అనుమతి లేని కట్టడానికి జరిమానా కట్టి క్రమబద్ధీకరించుకోవడం మనకు కొత్త కాదు. కానీ ఈ కట్టడం ఒకసారి లేచాక దాని ద్వారాలు ఎవరు మూస్తారో వాళ్లదే ఊరు. అసలు అధికారం ఆ రోజే చేతులు మారిందనవచ్చు. మిగిలిన వందేళ్ల యుద్ధమంతా ఆ సంగతిని ఆర్చిబిషప్‌ల చేత ఒప్పించడానికే.

వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 1248లో నేటి మహా కెథడ్రల్‌కు పునాది వేసిన కొన్‌రాడ్ వాళ్లందరిలోకీ తెలివైనవాడు. 1258లో తగవు తీర్చడానికి మధ్యవర్తులను పెట్టారు, వారిలో తత్వవేత్త ఆల్బర్టస్ మాగ్నస్ ఒకరు. తీర్పు ఇద్దరికీ సగం సగం నచ్చింది: ప్రభుత్వాధికారం ఆర్చిబిషప్‌దే, కానీ పౌరులు ఏళ్ల తరబడి నడుపుకొస్తున్న సొంత వ్యవస్థలు కూడా చెల్లుతాయి. మరుసటి ఏడాది కొన్‌రాడ్ ఒక చేత్తో నగరానికి పెద్ద వరమిచ్చాడు. రైన్ మీద వెళ్లే సరుకంతా కొలోన్‌లో దించి మూడు రోజులు అమ్మకానికి పెట్టాలన్న హక్కు అది. రెండో చేత్తో పాత ధనిక కుటుంబాలను పదవుల నుంచి దింపి, చేతివృత్తుల సంఘాలవాళ్లను కూర్చోబెట్టాడు. పౌరులంటే ఒకే ముద్ద కాదని ఆయనకు తెలుసు. పైవాళ్ల మీద కిందివాళ్లకున్న కోపాన్ని తన బలంగా మార్చుకున్నాడు.

తర్వాత వచ్చిన రెండో ఎంగెల్‌బర్ట్‌కు ఆ నేర్పు లేదు. ద్వారాలను, బురుజులను తన మనుషులతో నింపాడు. 1262లో జనం బాయెన్ బురుజు మీద దాడి చేసి పట్టుకున్నారు. 1267లో ఆయన నగరానికి మిత్రుడైన యూలిష్ ప్రభువు చేతికి చిక్కి, నీడెగ్గెన్ కోటలో మూడున్నరేళ్లు బందీగా ఉన్నాడు.

వోరింగెన్, 1288

చివరి లెక్క 1288 జూన్ 5న తేలింది. ఓరుగల్లులో రుద్రమదేవి పాలన సాగుతున్న కాలమది. నిజానికి ఆ యుద్ధం కొలోన్ కోసం మొదలైంది కాదు. లింబుర్గ్ అనే చిన్న రాజ్యానికి వారసుడెవరన్న తగాదా అది. ఒకవైపు బ్రబాంట్ ప్రభువు యోహాన్, బెర్గ్ ప్రభువు అడాల్ఫ్. మరోవైపు గెల్డెర్స్, లక్సెంబర్గ్ ప్రభువులతో కలిసి ఆర్చిబిషప్ సీగ్‌ఫ్రీడ్. కొలోన్ పౌరులు తమ ఆర్చిబిషప్ శత్రువులతో చేరారు.

నగరానికి ఉత్తరాన వోరింగెన్ పొలాల్లో రోజంతా పోరాడారు. కొలోన్‌వాళ్లు నగరపు తాళంచెవులు బండిలో పెట్టుకుని యుద్ధభూమికి తీసుకెళ్లారనీ, గెలిచినవాడిదే నగరమని దాని అర్థమనీ ఒక కథ ఉంది. సాయంత్రానికి లక్సెంబర్గ్ ప్రభువు చనిపోయాడు. సీగ్‌ఫ్రీడ్ అడాల్ఫ్ చేతిలో ఖైదీ అయ్యాడు. ఏడాదికి పైగా కోటలో ఉండి, భారీ మొత్తం చెల్లించుకుని బయటపడ్డాడు. ఆ విజయం తర్వాత అడాల్ఫ్ పట్టణ హోదా ఇచ్చిన చిన్న పల్లె పేరు డుసెల్‌డార్ఫ్.

ఆ తర్వాత ఆర్చిబిషప్‌లు బ్రూల్‌లో, బాన్‌లో కాపురం పెట్టారు. పదవీ పోలేదు, హోదా పోలేదు. చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో కొలోన్ ఆర్చిబిషప్ ఒకరు. నగరంలోని పెద్ద నేరాల న్యాయస్థానం కూడా కాగితం మీద ఆయనదే. కానీ తన సొంత కెథడ్రల్ ఉన్న ఊళ్లోకి ప్రభువుగా అడుగుపెట్టాలంటే ముందు పౌరుల హక్కులకు హామీ ఇవ్వాలి. 1475లో చక్రవర్తి కొలోన్‌ను నేరుగా తన కింద ఉండే స్వేచ్ఛా నగరంగా గుర్తించాక కాగితం మీద పేచీ కూడా ముగిసింది. కెథడ్రల్ మాత్రం పదహారో శతాబ్దంలో సగంలో ఆగిపోయి, 1880లో గానీ పూర్తికాలేదు.

అన్ని చోట్లా ఇలాగే జరగలేదు. వ్యూర్ట్స్‌బుర్గ్ పౌరులు 1400లో బెర్గ్‌ట్‌హైమ్ వద్ద తమ బిషప్ సైన్యం చేతిలో చిత్తుగా ఓడిపోయారు. ఆ తర్వాత ఆ నగరం బిషప్ గుప్పిట్లోనే ఉండిపోయింది.

గెలిచిన కొలోన్‌లోనూ అందరూ గెలవలేదు. 1288 తర్వాత నగరం కొన్ని ధనిక కుటుంబాల చేతుల్లోకి వెళ్లింది. వృత్తి సంఘాలు వాళ్లను దింపి కొత్త రాజ్యాంగం లాంటి పత్రం రాసుకోవడానికి 1396 దాకా ఆగాల్సి వచ్చింది. యూదుల సంగతి ఇంకా చేదు. 1266లో ఎంగెల్‌బర్ట్ వారి హక్కులను రాతి పలక మీద చెక్కించి కెథడ్రల్‌లో పెట్టించాడు. ఆయనకు ప్రేమ ఉండి కాదు, వాళ్ల నుంచి వచ్చే పన్ను కోసం. అయినా రక్షణ రక్షణే. 1349లో ఊచకోత జరిగింది. 1424లో నగర మండలి యూదులను పూర్తిగా వెళ్లగొట్టింది. పాత ప్రభువు కింద బతకనిచ్చిన ఊరు, సొంత పాలన వచ్చాక వాళ్లను బతకనివ్వలేదు.

మన రాజ్యాంగంలో ఒక మినహాయింపు

మళ్లీ ఉక్కు ఊళ్ల దగ్గరికి వద్దాం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రతి పట్టణానికి ఎన్నికైన మున్సిపాలిటీ ఉండాలంది. అదే సవరణలోని 243క్యూ అధికరణంలో ఒక మినహాయింపు కూడా ఉంది. ఒక పరిశ్రమ పట్టణ సేవలు అందిస్తుంటే, లేదా అందిస్తానంటే, గవర్నర్ ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించవచ్చు. అప్పుడు అక్కడ మున్సిపాలిటీ ఏర్పాటు చేయనక్కర్లేదు. పన్నెండో శతాబ్దపు ఆర్చిబిషప్ ఎవరైనా చదివితే సంతోషించే వాక్యం ఇది.

ఈ మినహాయింపు చుట్టూ అన్నిటికంటే పెద్ద వివాదం నడిచిన చోటు జంషెడ్‌పూర్. అక్కడ కూడా బిష్టుపూర్ రామమందిరం చుట్టూ పాత తెలుగు సమాజం ఉంది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ సాక్చి అనే పల్లె దగ్గర కట్టిన నగరమది. నీళ్లు, కరెంటు, రోడ్లు కంపెనీవే. ఎన్నికైన పాలకవర్గం కావాలంటూ జవహర్‌లాల్ శర్మ అనే పౌరుడు 1988లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది, కార్పొరేషన్ రాలేదు. 2018లో ఆయన రెండోసారి కోర్టు మెట్లెక్కారు. 2023 డిసెంబర్‌లో జార్ఖండ్ ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక టౌన్‌షిప్‌గానే ప్రకటించింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. జంషెడ్‌పూర్‌లో చాలామంది మున్సిపాలిటీ వద్దంటారు. కంపెనీ ప్రాంతంలో కొళాయి నీళ్లు తాగొచ్చు, చెత్త వేళకు పోతుంది. పక్కనే ఉన్న మున్సిపల్ వార్డులు చూసి, ఓటు కోసం ఆ సుఖం పోగొట్టుకోవాలా అని అడుగుతారు. ఈ మాటను బానిస బుద్ధి అని కొట్టిపారేయడం సులువు. కానీ ఆ అడిగేవారి ఇంటికి నీళ్లు నిజంగానే వస్తున్నాయి. రానిది కంపెనీ కంచె అవతల బస్తీలకు. ఓటు కావాలనేవాళ్లలో ఎక్కువ మంది అక్కడే ఉంటారు.

భిలాయ్‌ది మధ్యస్థ దారి. 1998లో అక్కడ మున్సిపల్ కార్పొరేషన్ వచ్చింది, టౌన్‌షిప్ సెక్టార్లు కూడా దాని పరిధిలోనే ఉన్నాయి. 2019లో రిసాలిని విడదీసి మరో కార్పొరేషన్ చేశారు. మేయర్లున్నారు, ఎన్నికలున్నాయి. నేల, క్వార్టర్లు, వాటికి వెళ్లే నీటి గొట్టాలు మాత్రం కర్మాగారానివి. వోరింగెన్ తర్వాతి కొలోన్‌ను తిరగేస్తే ఇలాగే ఉంటుంది. అక్కడ ప్రభువుకు హోదా మిగిలి, ఊరు పౌరుల చేతికి వచ్చింది. ఇక్కడ పౌరులకు హోదా వచ్చి, ఊరు ప్రభువు చేతిలో ఉంది.

తెలుగు నేల మీదా ఓటు లేని పట్టణాలున్నాయి, కారణం వేరు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు 74వ సవరణ నేరుగా వర్తించదు. పార్లమెంటు వేరే చట్టం చేయాలి. 2020 జనవరిలో తెలంగాణ అంతటా మున్సిపల్ ఎన్నికలు జరిగినప్పుడు బొగ్గు పట్టణాలైన మందమర్రి, మణుగూరు, వాటితోపాటు పాల్వంచ ఓటు వేయలేదు.

సొంత గోడ కట్టినవాళ్లు

కొలోన్ వర్తకులు గెలవడానికి వాళ్ల ధైర్యం కంటే పెద్ద కారణం ఒకటి ఉంది. వాళ్ల జీవనం ఆర్చిబిషప్ ఇచ్చింది కాదు. రైన్ మీద పడవలు ఎవరు పాలించినా నడుస్తాయి. రెండు వేల మార్కులు తెచ్చి ముందు పెట్టగలిగింది అందుకే. కంపెనీ ఊళ్లో పరిస్థితి అది కాదు. జీతం, ఇల్లు, బడి, ఆసుపత్రి ఒకే చేతి నుంచి వస్తాయి. ఆ చేతితో పేచీ పెట్టుకుంటే నాలుగూ ఒకేసారి కదులుతాయి.

అయినా పెట్టుకున్నవాళ్లున్నారు. శంకర్ గుహా నియోగి భిలాయ్ కర్మాగారం కోక్ ఓవెన్లలో పనిచేసి, ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. 1977లో దల్లీ-రాజహరా ఇనుప గనుల్లో కాంట్రాక్టు కూలీలతో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ మొదలైంది. అదే ఏడాది జూన్ 2, 3 తేదీల్లో ఆయన అరెస్టు తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. కర్మాగారపు ఆసుపత్రి పర్మినెంట్ ఉద్యోగులకు ఉంది, కూలీలకు లేదు. కూలీలు చందాలు వేసుకుని, రాళ్లు మోసి, చనిపోయిన ఆ 11 మంది జ్ఞాపకంగా 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచారు. 1180 నాటి గోడకు ఈ నేల మీద పోలిక వెతికితే దొరికేది ఇదే. అర్జీ పెట్టుకోకుండా, సొంత డబ్బుతో, సొంత చేతులతో కట్టుకున్నది. ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయ్‌లో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది జూలై 1న భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది చనిపోయారు. ఆ ఉద్యమం అప్పటికి ఉక్కు కర్మాగారం మీద కాదు, భిలాయ్ చుట్టూ వెలసిన ప్రైవేటు పరిశ్రమల మీద. ఊరికి ప్రభువులు ఎక్కువయ్యారన్నమాట.

సీగ్‌ఫ్రీడ్ బాన్‌కు వెళ్లిపోయాక కొలోన్ ఖాళీ కాలేదు, ఇంకా పెరిగింది. నందినిలో లెక్క వేరు. అక్కడ రాయి తీసి వదిలేసిన గనుల భూముల్లో ఇప్పుడు చెట్లు నాటి అడవి పెంచుతున్నారు. గుంతల్లో నీళ్లు నిలిచి, పక్షులు వస్తున్నాయి. కాలనీలో క్వార్టర్లు ఇంకా ఉన్నాయి. వాటిలో ఏవి ఉంచాలి, ఏవి ఖాళీ చేయించాలి అన్న ఫైలు మాత్రం నందినిలో కదలదు. ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని భిలాయ్ ఆఫీసులో కదులుతుంది.